పూజలో కూర్చున్న మందుల పెట్టె

మా మేస్త్రి ఎడమచేయి పోవలసిన దసరా అది. పోకుండా ఆపే సామానంతా పక్కనే ఉంది. కాని దాన్ని ఎవరూ తెరవకుండా పసుపుదారం చుట్టి, ముడి మీద ముడి వేసినవాడు ఆ మేస్త్రే. వేసింది కూడా ఆ చేత్తోనే. ఇప్పుడు చెబుతుంటే నాకు నవ్వొస్తుంది, మీకూ రావచ్చు. ఆ పూట మాత్రం కాసేపు నా నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడమంటే ఏమిటో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

ఖానాపూర్ దాటి అడవి మొదలయ్యే చోట, వాగు మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు దాటించే రాతి కట్టడం కడుతున్నాం. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిందన్నారు. మాకు కనిపించిన మార్పల్లా ఓవర్సీరు గది ముందున్న బోర్డుకు కొత్త రంగు పడటమే. రాళ్ళు పాతవే, సున్నం పాతదే, ఎండ మరీ పాతది.

నాది సుల్తానాబాద్. నాలుగో తరగతిలో మా పంతులుగారు చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి నడుస్తుంటే ఆయన వెనకే నేనూ అలాగే నడిచాను. బడంతా నవ్వింది. ఆయన వెనక్కి తిరిగారు. నా చదువు అక్కడే ఆగింది. తరవాత ఏవేవో పనులు చేసి, చివరికి ఈ పనిచోట సున్నం తట్టలు మోస్తూ తేలాను.

ఒకరోజు ఓవర్సీరు సారు తెల్లరంగు వేసిన రేకుపెట్టె తెచ్చి రాళ్ళ కుప్ప మీద పెట్టాడు. మూత మీద ఎర్రటి ప్లస్ గుర్తు.

"గిది లెక్కల పెట్టెనా సార్? కూడికలే ఉన్నయా, తీసివేతలు గూడ ఉన్నయా?" అన్నాను.

"తీసివేతలు లేకుండా చూసేందుకే ఇది. దెబ్బలు తగిలితే వెంటనే కట్టు కట్టడానికి. మీలో చదువొచ్చినవాడు ఎవడు?"

అందరి వేళ్ళూ నా వైపు తిరిగాయి. మేస్త్రి మాత్రం మూతి వంకర చేశాడు. "వానికి సదువు రాదు సార్, మాటలొస్తయి. అయినా వానికే ఇయ్యున్రి. తట్ట ఎత్తుమంటే తట్టకు కత జెప్తడు."

అలా పెట్టె నాదైంది. నాకు పట్టలేనంత సంబరం! తట్ట మోసే పని సగం తగ్గింది కదా అని మొదట అనుకున్నాను. కాని పెట్టె తెరిచి చూడగానే ఆ ఆలోచన ఎటో పోయింది. గుండ్రంగా చుట్టిన తెల్లటి పట్టీలు, నీలం కాగితంలో దూది, కత్తెర, ముళ్ళు తీసే చిమటా, పిన్నీసులు, టింక్చర్ సీసా, ఎర్రమందు సీసా, కాలిన గాయాలకు మలాము, విరిగిన చేతికి ఆనించి కట్టే చెక్క బద్దలు. పెళ్ళికూతురి పెట్టె కూడా అంత నీటుగా ఉండదు. మూత ఊరికే తెరవడం, వాసన చూడటం, మూయడం. ఆ రోజంతా అదే పని.

నిర్మల్ నుంచి ఒక కాంపౌండరు వచ్చి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నేర్పాడు. కట్లు కట్టి చూపించేందుకు నన్నే బొమ్మను చేశాడు. తలకో కట్టు, మోచేతికో కట్టు, మోకాలికో కట్టు. జట్టంతా పని ఆపి చుట్టూ చేరింది.

"ఓ పిల్లగా, చచ్చినంక గూడ గింత మంచిగ కట్టరు నిన్ను," అంది మేస్త్రి భార్య. ఆమెను నేను వదినె అని పిలిచేవాణ్ణి.

కాంపౌండరు మాత్రం నవ్వలేదు. "నెత్తురు కారుతుంటే ఏం చేస్తావ్?" అని అడిగాడు.

"మొత్తుకుంట."

"మొత్తుకున్నాక?"

"ఉరుకుత."

"ఉరకకు. ఒత్తు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తు. చేయి గుండె కన్నా పైకి ఎత్తు. మందంగా గుడ్డ పెట్టి బిగించి కట్టు. నెత్తురు బయటికొస్తే ఆ కట్టు విప్పకు, దాని మీదే ఇంకోటి కట్టు. గోళ్ళు నీలంగా మారితే బిగువు తగ్గించు. పెట్టెకు తాళం వేయకు, అవసరానికి చెవి దొరకదు."

ఆ మాటలు నేను బాణీ కట్టుకుని పాడుకున్నాను. రాళ్ళు మోసే ఆడవాళ్ళు కూడా నాతో కలిసి పాడేవాళ్ళు. "ఒత్తు, ఎత్తు, కట్టు" అంటూ ఒకరి వెనక ఒకరు తట్టలందించేవాళ్ళు.

పెట్టెను వాడటం తేలిక. కాపాడటమే కష్టం! నేల మీద పెడితే చెదలు. గోడకు ఆనిస్తే ఎలుకలు. అందుకని సామాన్ల షెడ్డులో దూలానికి ఇనుప కొక్కెం కొట్టి వేలాడదీశాను. ఇక మిగిలింది మనుషులు. పిన్నీసులు రవికెలకు పోయేవి. కత్తెర మీసాలకు పోయేది. పట్టీ చుట్టలో సగం విప్పి గోడ సూటిగా ఉందో లేదో చూసే దారంలా వాడాడు ఒక మహానుభావుడు. విరిగిన చేతికి ఆనించే చెక్క బద్ద ఒకరోజు మాయమైంది. వెతగ్గా వెతగ్గా ఒక గంజి కుండలో దొరికింది. కలపడానికి బాగుందట!

"అది ఇరిగిన చేతుల కోసమే అక్కా," అన్నాను.

"మంచిగున్న చేతుల కోసం గూడ మంచిగనే ఉన్నదిర," అంది ఆమె.

నేను రోజూ పొద్దున్నే పెట్టె దించి, తడిబట్టతో తుడిచి, ఒక్కో వస్తువూ పైకి తీసి చూసేవాణ్ణి. బిరడాలు బిగించేవాణ్ణి. తడి తగిలిన పట్టీని పక్కన పెట్టి కొత్తది అడిగేవాణ్ణి. అన్నిటికన్నా అడుగున, మైనపు గుడ్డలో చుట్టి, కుట్టేసిన ఒక పెద్ద కట్టు సామాను మాత్రం దాచేవాణ్ణి. అందులో మందపాటి గుడ్డ మడతలు, రెండు వెడల్పు పట్టీలు. అది విప్పే రోజు రావొద్దని కోరుకుంటూనే, వస్తే ఎలా ఉంటుందో అని లోపల ఒక తహతహ.

ముళ్ళు గుచ్చుకున్నవాళ్ళు వచ్చారు. కంట్లో సున్నం పడ్డవాడు వచ్చాడు, చెంబెడు నీళ్ళతో కళ్ళు కడిగి కడిగి పంపాను. టింక్చర్ రాసినప్పుడు గంతులేసేవాళ్ళను చూడటానికి పక్కనున్నవాళ్ళు పని ఆపేవాళ్ళు. నాకంటే నా రోగులే ఎక్కువ నవ్వించేవాళ్ళు. రానివాడు ఒక్కడే, మేస్త్రి. ఆయన వేలు చితికితే సున్నం బెల్లం పట్టించుకునేవాడు.

"నీ డబ్బా నీ దగ్గర వెట్టుకో," అనేవాడు. "నా ఒంటికి సున్నం అలవాటే. ఆ ఎర్రనీళ్ళు పెండ్లికి పారాణి పెట్ట పనికొస్తయి."

అయితే ఒక్క మాట. ఆ చుట్టుపట్ల అంత మంచి రాతిపని చేసేవాడు లేడు. కుడిచేత తాపీ, ఎడమచేత రాయి. ఆ ఎడమచేయి రాయిని అందుకుంటే, ఆ రాయికి తన చోటు ముందే తెలిసినట్టు వెళ్ళి కూర్చునేది. జట్టంతా ఆ చేతి మీద బతుకుతోంది. ఆయన తల్లి, వదినె, నాతో సహా అందరం.

దసరా వచ్చింది. మా జట్టులో ఒక ఆనవాయితీ ఉండేది. పండుగ పొద్దున పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు వేసి, వరుసగా పూజలో కూర్చోబెట్టాలి. కూర్చున్న పనిముట్టును మర్నాడు తెల్లవారి కొబ్బరికాయ కొట్టేదాకా లేపకూడదు. లేపితే కట్టిన గోడ కూలుతుంది, లేపిన పనిముట్టు మనిషి నెత్తురు చూస్తుంది అని మేస్త్రి తల్లి చెప్పేది. జట్టుకంతా ఆమె అవ్వ. ఆమె చెప్పిందంటే ఇక అంతే.

గడ్డపారలు, పారలు, సుత్తెలు, ఉలులు, తాపీలు అన్నీ షెడ్డు ముందు అరుగు మీద కూర్చున్నాయి. రాళ్ళు తోలే లారీకి ముందు దండ వేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి నా వైపు తిరిగాడు.

"నీ డబ్బా ఏదిర?"

"అది ఆడనే ఏలాడుతుంది. ఎర్రనీళ్ళ డబ్బాకు పూజెందుకు మేస్త్రి?"

"పనిజాగల ఉన్న సామాను అంతా కూసోవాలె. గదొక్కటి కూసోకపోతే అలుగుతది. తే పో!"

తెచ్చాను. కొక్కెం నుంచి దిగిన పెట్టెను వదినె అందుకుంది. తుడిచి, పసుపు రాసి, ప్లస్ గుర్తు మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. మేస్త్రి పసుపుదారం తీసుకుని పెట్టె చుట్టూ, మూత మీదుగా, కిందనుంచి పైకి చుట్టడం మొదలుపెట్టాడు.

"మేస్త్రి, జర ఆగు. కట్టేస్తే ఎట్ల? ఎవరికన్న దెబ్బ తాకితే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఇయ్యాల పనే లేదు. దెబ్బెక్కడికెల్లి వస్తదిర?"

జట్టంతా నవ్వింది. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. వాదన అంత గట్టిగా ఉంది మరి.

తరవాత బలి ఇచ్చే యాటపోతును తెచ్చారు. మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ, కళ్ళలో మా మీద అపనమ్మకం. జట్టుకు పెద్ద కాబట్టి కత్తి పట్టేది మేస్త్రే. పూజలో లేనిది ఆ ఒక్క కత్తే. ఇద్దరు కాళ్ళు పట్టుకున్నారు. మేస్త్రి ఎడమచేత్తో తల వంచి పట్టాడు. కత్తి లేచింది. యాటపోతు ఒక్క గుంజు గుంజింది!

ఏమైందో మొదట ఎవరికీ తెలియలేదు. యాటపోతు దండతో సహా అడవిలోకి దూకింది. అందరం దాని వైపే చూస్తున్నాం. "పట్టున్రి, పట్టున్రి!" అని అరుపులు. అప్పుడు వదినె కేక వేసింది. మేస్త్రి నిలబడే ఉన్నాడు. ఎడమ మణికట్టుకు కొంచెం పైన తెగి, నెత్తురు చిమ్ముతోంది. కారడం కాదు, చిమ్మడం! ఆయన దాన్ని ఎవరిదో చేయి అన్నట్టు చూస్తున్నాడు.

నేను ఉరికాను. ఉరకొద్దన్న కాంపౌండరు మాట ఆ పూట వినలేదు. నా తువ్వాల మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులా ఒత్తాను. "కూసో మేస్త్రి. కూసో!" అని కింద కూర్చోబెట్టి చేయి పైకెత్తాను. తువ్వాల ఉతికినదే. అయినా వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా వస్తూనే ఉంది.

ఇంతలో చుట్టూ వైద్యులు పుట్టుకొచ్చారు. ఒకరు గుప్పెడు పసుపు, ఒకరు సున్నం, ఒకరు పొయ్యిలో బూడిద.

"ఎవ్వలు ముట్టకున్రి! ఒక్క పిసరు బూడిద పడ్డా నేనొప్పుకోను! పెట్టె తేండ్రి!"

ఒక్కరూ కదల్లేదు. అందరూ పెట్టె వైపు చూశారు, తరవాత అవ్వ వైపు చూశారు. అవ్వ పూజ ముందు చేతులు చాచి అడ్డంగా నిలబడింది. ముసలి ముఖం తెల్లబోయింది.

"లేపొద్దు! కూసున్న సామాను లేపితే నా కొడుకు పోతడు. లేపొద్దు!"

నాకు కోపం రాలేదు. ఆమె కొడుకు చేయి కోసమే నేను పెట్టె అడుగుతున్నాను. అదే కొడుకు ప్రాణం కోసం ఆమె అడ్డం నిలబడింది. వాదించడానికి ఇక్కడ జాగా ఎక్కడుంది? నా చేతుల కింద నెత్తురు, నోట్లో ఒక్క మాట లేదు. ఒక్క మాట!

అప్పుడు వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"అవ్వా, పెట్టె లేపం! పెట్టె ఉన్నకాడనే ఉంటది. నీ కొడుకునే దానికాడ కూసోబెడ్తం. ఈ జట్టుకు గీన కన్న పెద్ద పనిముట్టు ఏదున్నది? గడ్డపారను కూసోబెట్టినవ్, గీనను మరిసినవ్!"

అవ్వ నోరు తెరిచింది. చేతులు మెల్లగా కిందికి దిగాయి. "గదీ నిజమే," అంది. "వాడు గూడ కూసోవాలె గద."

"జరుగున్రి, జరుగున్రి!" ఇద్దరు మేస్త్రిని చంకల కింద పట్టుకుని ఎత్తారు. నేను ఒత్తిన చేతులు తీయకుండా పక్కకు పక్కకు నడిచాను. అరుగు మీద గడ్డపారలకూ తాపీలకూ మధ్య చోటు చేశారు. లేపకుండా, అరుగు మీదే జరిపి. ఆ సందులో మేస్త్రిని కూర్చోబెట్టారు. ఎవరో ఒక పిచ్చివాడు ఆయన మెడలో దండ కూడా వేశాడు.

"ఏందిర గిది, నన్ను బొమ్మను జేస్తున్నరు?" అన్నాడు మేస్త్రి. గొంతు అప్పటికే నీరసపడింది.

"మాట్లాడకు, దేవుడు మాట్లాడడు," అన్నాను.

పెట్టె ఇప్పుడు నా మోకాలి దగ్గరే. కాని దారం! కోయడానికి కత్తెర కావాలి. కత్తెర పెట్టెలో ఉంది. యాటపోతు కోసం తెచ్చిన కత్తి మట్టిలో, నెత్తురులో పడి ఉంది, దాన్ని పెట్టె మీదికి రానివ్వడం నాకిష్టం లేదు. వదినె ముడి మీద గోళ్ళు వేసి గుంజింది. మేస్త్రి వేసిన ముడి ఊడుతుందా? గోడలో రాయి ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా ఉంది.

అవ్వ కోడలిని పక్కకు నెట్టింది. "కట్టినోని తల్లిని. నేను ఇప్పుతే దోసం లేదు," అని వంగి, పెట్టెను కదిలించకుండా, దారాన్ని పళ్ళ మధ్య పట్టింది. ఆమెకు ఉన్న పళ్ళు తక్కువ. కాని ఉన్నవి ఎదురెదురుగా ఉన్నాయి. పుటుక్కుమంది. మూత తెరుచుకుంది.

"దూది తియ్యి వదినె, నీలం కాగితంల ఉంటది."

వదినె కదల్లేదు. ముఖం ఎర్రబడింది. నేను పూజ ముందు చూశాను. వరుసగా దీపాలు వెలుగుతున్నాయి. లావాటి, తెల్లటి, అందమైన వత్తులు!

"వత్తులకు దూది లేకపోతే..." అంది. "పొద్దుగాల పెట్టె తుడిసినప్పుడు తీసిన. కాగితం మల్ల అట్లనే మడిచి పెట్టిన."

మా ఆస్పత్రి సగం దీపాల్లో కాలిపోతోంది. ఇంకో రోజైతే నేను వారం పాటు చెప్పుకుని నవ్వేవాణ్ణి. "అడుగుకు చెయ్యి పెట్టు. మైనపు గుడ్డ మూట ఉంటది. దాన్ని తియ్యి. దారం కత్తెరతోని కత్తిరించు. లోపలి గుడ్డను ముట్టకు, అంచు పట్టుకొని నాకందియ్యి."

ఎలుకలు దొరకబుచ్చుకోని, చెదలు చూడని, రవికెలకూ మీసాలకూ పోని ఆ మూట చెక్కుచెదరకుండా ఉంది! గుడ్డ మడతలు అందుకుని తువ్వాల మీదే మందంగా పెట్టాను. పట్టీ మొదలు వదినెతో పట్టించి గట్టిగా చుట్టాను. చుట్టు మీద చుట్టు. తెల్లటి పట్టీ మీద ఎర్రటి మచ్చ పుట్టి పెద్దదవుతూ వచ్చింది.

"ఇప్పు, ఇప్పి సూడు, ఆగలే!" అని వెనకనుంచి కేకలు.

"ఇప్పను! మీద ఇంకోటి కడ్త."

రెండో పట్టీ కూడా చుట్టాను. "అవ్వా, ఈ చెయ్యి నువ్వు పట్టుకో. గిట్ల పైకి. కిందికి దింపకు." అవ్వ కొడుకు పక్కన కూర్చుని ఆ చేతిని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఎవరైనా ఆమెను అక్కడినుంచి కదిలించేవాళ్ళుంటే చూద్దామన్నట్టు అందరినీ చూసింది.

మచ్చ ఆగింది. నేను దాన్నే చూస్తున్నాను. ఆగింది!

ఇక గోళ్ళు. నీలంగా మారాయా లేదా చూడాలి. మేస్త్రి గోళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. పొద్దుటినుంచి పసుపు పూసి పూసి ఆ చేతికి ఇక వేరే రంగే లేదు.

"నీళ్ళు తేండ్రి. ఏళ్ళు కడుగున్రి. గీ పసుపుల ఏం కనబడుతది నాకు?"

వదినె కొంగు తడిపి ఒక్కో గోరూ రుద్దింది. లోపల లేత గులాబీ రంగు కనిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయినా చేయి నిలుస్తుందో లేదో చెప్పడం నా పని కాదు. దానికి నిర్మల్ దవాఖాన కావాలి. దవాఖానకు లారీ కావాలి.

లారీ దండ వేసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుని, పూజలో కూర్చుని ఉంది.

జట్టు మళ్ళీ ఆ నిమ్మకాయల వైపు చూసింది. డ్రైవరు భాయి అప్పటికే తలుపు తీసి ఎక్కుతున్నాడు. "అరే, ఏం సూస్తున్నరు? దండ మీరేశిన్రు, నిమ్మకాయలు మీరే పెట్టిన్రు, తోలేటోన్ని నేను. జల్ది ఎక్కించున్రి!"

అందరూ అవ్వ వైపు చూశారు. నేను నోరు తెరిచాను, ఇంకో మాట వెతకడానికి. అవసరం రాలేదు.

"లారీని ఎవడు లేపుతుండుర?" అంది అవ్వ, కొడుకు చేయి పైకెత్తి పట్టుకునే. "దాని చక్రాలు భూమి మీదనే ఉంటయి గద. ఉరుకుతది, లేస్తదా? నడువున్రి!"

మాట పడేసే విద్య నాకొక్కడికే ఉందనుకున్నాను ఆ పనిచోట. ఆ మధ్యాహ్నం నాకు పోటీ దొరికింది.

అవ్వ, వదినె, మేస్త్రి, నేను లారీ వెనక ఎక్కాం. పెట్టె మాత్రం దాని చోట్లోనే ఉంది, మిగిలిన ఒక పట్టీ నా జేబులో. నిమ్మకాయలు చితికిన వాసన. దారి పొడుగునా గుంతలు. ప్రతి గుంతకూ అవ్వ తాను ఎగిరింది కాని ఆ చేతిని కిందికి రానివ్వలేదు. మేస్త్రి కళ్ళు మూతలు పడుతుంటే నేను కబుర్లు చెప్పాను. పంతులుగారి నడక చెప్పాను, గంజి కుండలో చెక్క బద్ద చెప్పాను. ఆయన ఒకసారి కళ్ళు తెరిచి, "యాట దొరికిందా?" అన్నాడు.

"అది నీ కన్న తెలివైంది. దెబ్బ తాకకముందే ఉరికింది."

నవ్వబోయి మూలిగాడు. మరి కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. "రాయి పట్టొస్తదార మల్ల?"

దానికి నా దగ్గర హాస్యం లేదు. "డాక్టరు సారు సూస్తడు," అన్నాను.

డాక్టరు పండుగ భోజనం మధ్యలో లేచి వచ్చాడు. కట్లు ఒక్కొక్కటి తడిపి విప్పాడు. లోపల కడిగి కుడుతున్నంతసేపూ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. అవ్వ చేతులు ఇంకా పైకే ఉన్నాయి, కొడుకు చేయి వాటిలో లేకపోయినా. వదినె వాటిని మెల్లగా ఒడిలోకి దించింది.

పిలిచారు. వెళ్ళాం. డాక్టరు మేస్త్రి చేయి పట్టుకుని, "వేళ్ళు కదిలించు," అన్నాడు.

బొటనవేలు కదిలింది. చూపుడు వేలు కదిలింది. నడిమి వేలు, దాని పక్కది. చిటికెన వేలు కదల్లేదు. మేస్త్రి ముఖం ఎర్రబడేలా బిగపట్టాడు. కదల్లేదు.

"దాని నరం తెగింది," అన్నాడు డాక్టరు. "కుట్టాను. వంగుతుందో లేదో చూడాలి. మిగతావి బలం తెచ్చుకుంటాయి, గాయం చీము పట్టకుండా ఉంటే. తడి తగలనివ్వొద్దు. సున్నం అసలు తగలనివ్వొద్దు. కట్టు ఎవరు మారుస్తారు?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను ఇంకెవరి వైపైనా చూస్తున్నాడేమోనని వెనక్కి తిరిగాను.

"గీ మాటలోడే," అన్నాడు. "ఇంకెవడున్నడు?"

ఆ తరవాతి రోజులంత హుషారైనవి నా జీవితంలో ఇంకేమైనా ఉన్నాయా అంటే చెప్పలేను. పనిజాగాలో ఖాళీగా కూర్చున్న మేస్త్రి కంటే బరువైనది లేదు. పెట్టె పక్కనే రాయి మీద కూర్చుని, మెడలో వేలాడదీసిన చేతితో, అందరి గోడల్లో వంకలు చూపేవాడు. అవ్వ శుక్రవారం శుక్రవారం పెట్టెకు కొబ్బరికాయ కొట్టేది. నీళ్ళు పెట్టె మీద పడకుండా నేను గొడుగు పట్టేవాణ్ణి. వదినె పుట్టింటినుంచి గింజలు తీసిన పత్తి ఒక సంచెడు తెప్పించింది, దీపాల్లో కాల్చినదానికి బదులు. ఇది గాయం మీద పెట్టేది కాదని చెప్పి, సంచిని పెట్టె పక్కనే ఇంకో కొక్కేనికి వేలాడదీసి, పండుగ వత్తులు ఇక దీంట్లోంచే తీసుకోమన్నాను. ఓవర్సీరు సారు పట్టీలూ దూదీ కొత్తగా తెప్పించాడు. నేను మళ్ళీ ఒక పెద్ద మూట కట్టి అడుగున దాచాను.

కట్టు మార్చే రోజు జట్టంతా ఏదో ఒక వంకతో షెడ్డు దగ్గరికి వచ్చేది. నేను చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించి చల్లార్చిన నీళ్ళతో పాత కట్టు తడిపి విప్పేవాణ్ణి. విప్పి ముందు వాసన చూసేవాణ్ణి. మేస్త్రి నా ముక్కునే చూస్తుండేవాడు.

"ఏమంటుందిర?"

"సున్నం బెల్లం కావాల్నట."

"తంత."

వాసన లేదు. వాపు తగ్గింది. ఒకరోజు కొంచెం ఎర్రగా, వేడిగా అనిపిస్తే లారీ ఎక్కించి మళ్ళీ నిర్మల్ తీసుకుపోయాను. నాకు తెలిసింది కట్టు కట్టడమే కదా. వాళ్ళు ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఎరుపు పోయింది. చివరికి కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు చేయి సన్నగా, తెల్లగా, ఎవరో చదువుకున్నవాడి చేయిలా ఉంది. చిటికెన వేలు నిటారుగానే ఉంది.

ఆ మర్నాడు మేస్త్రి ఎవరితో చెప్పకుండా గోడ దగ్గరికి వెళ్ళాడు. చెప్పకపోయినా అందరికీ తెలిసింది. తట్టలు ఆగాయి. సుత్తెల చప్పుడు ఆగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వంగి ముందు ఒక చిన్న రాయి ఎడమచేత్తో తీశాడు. చిటికెన వేలు అడ్డం వచ్చింది. రాయి జారి కింద పడింది.

"చిటికెన ఏలును రానియ్యకు, అది దొరసాని. మిగిలినయ్ సాలు," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. మళ్ళీ వంగాడు. ఈసారి అదే రాయిని మూడు వేళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో నొక్కి, నెమ్మదిగా పైకి తెచ్చాడు. గోడ మీద సున్నం పరచిన చోట పెట్టాడు. కుడిచేతి తాపీతో రెండు తట్లు తట్టాడు. కొంచెం జరిపాడు. ఎడమచేయి దాని మీదే ఉంచి కాసేపు చూశాడు. తరవాత ఇంకా పెద్ద రాయి కోసం ఆ చేయే చాచాడు.

అప్పుడు తలెత్తి, నోళ్ళు తెరుచుకు నిలబడ్డ మా అందరినీ చూసి గద్దించాడు.

"ఏం సూస్తున్నరు, కోతి ఆడుతుందా? సున్నం ఎండుతుంది, రాళ్ళు తేండ్రి!"